వాసన లేని నీళ్లన్నీ మంచినీళ్లేనా?



పోయిన వేసవిలో మా సంఘంలోని ఒక కుటుంబాన్ని దర్శించడానికి వెళ్లాను. మాది నాగార్జునసాగర్ కుడికాలువ మీద ఆధారపడిన మెట్ట ప్రాంతం. కాలువకు నీళ్లు వదిలినప్పుడు ఊరి పక్కనున్న మంచినీళ్ల చెరువు నింపుకుంటాం. ఆ నీటిని ఇసుక పడకలలో వడగట్టి, క్లోరిన్ కలిపి, ట్యాంకుకెక్కించి కుళాయిలకు వదులుతారు. కాలువ కట్టేసిన తరువాత మళ్లీ నీళ్లు వచ్చేదాకా ఆ చెరువే మాకు దిక్కు.

ఆ ఇంటి కోడలు నా చేతికి గ్లాసు అందిస్తూ, "ఇవి బోరింగు నీళ్లు అయ్యగారూ, సంకోచం లేకుండా తాగండి. కుళాయి నీళ్లు నోట్లో పెట్టుకొనేట్టు లేవు. ఒకటే మట్టి వాసన. కాచితే పోతుందనుకుంటే ఇంకా ఎక్కువైంది" అన్నది. నెల రోజులుగా ఇంటిల్లిపాదీ, రెండేళ్ల బిడ్డతో సహా, బోరింగు నీళ్లే తాగుతున్నారు. గ్లాసులోని నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి. ఏ వాసనా లేదు.

మంచం మీద కూర్చున్న అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. ఆమె మోకాళ్లు వంగవు. నడుము వంగిపోయింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. కుళాయిలు లేని రోజుల్లో ఆమె చిన్నతనమంతా ఈ ఊరి భూమిలోనుంచి తోడిన నీళ్లతోనే గడిచింది.

ఆ ఇంటి యజమాని ఒక రంగుల కరపత్రం తెచ్చి నా ముందు పెట్టాడు. టౌనులో ఒక దుకాణంవారు కాంతితో నీటిని శుద్ధిచేసే మిషను చూపించారట. నీలిరంగు దీపం వెలుగుతుంది, లోపల ఏదో తెల్లని పూత ఉంటుంది, దానితో వాసన, క్రిములు, ఫ్లోరైడు అన్నీ పోతాయని చెప్పారట. "పాడిగేదెను అమ్మి అయినా కొందామనుకుంటున్నాం. మీరేమంటారు?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నేను చదివింది వేదాంతమే గాని రసాయన శాస్త్రం కాదు. గనుక పది రోజులు గడువు అడిగి, కళాశాలలో రసాయన శాస్త్రం బోధించే ఒక స్నేహితుణ్ణి కలిసి, కొన్ని పుస్తకాలు తిరగేశాను. అప్పుడు తెలుసుకొన్న సంగతులు ఈ నెల మీతో పంచుకుంటాను. ఇలాంటి ప్రశ్న మీ ఇంట్లో కూడా రావచ్చును.

ఆ వాసన ఎక్కడిది?

వేసవిలో చెరువు నీటికి వచ్చే మట్టి వాసనకు కారణం సాధారణంగా మట్టి కాదు. నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు, మట్టిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు రెండు పదార్థాలను తయారు చేస్తాయి. ఒకదాని పేరు జియోస్మిన్. 1965లో అమెరికా శాస్త్రజ్ఞులు గెర్బర్, లెషెవాలియే దానికి ఆ పేరు పెట్టారు. గ్రీకు భాషలో భూమి వాసన అని దాని అర్థం. రెండవది మిథైల్ ఐసోబోర్నియాల్. దాన్ని క్లుప్తంగా ఎం.ఐ.బి. అంటారు. అది కొంచెం కర్పూరపు వాసన, కొంచెం ముక్కిపోయిన వాసన కలిసినట్టుంటుంది.

తొలకరి చినుకు పడినప్పుడు నేలనుండి వచ్చే కమ్మని వాసనలో ఉన్నది ఈ జియోస్మినే. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టినుండి ఆ తొలకరి వాసనను అత్తరుగా తీసి అమ్ముతారు. పొలంలో మనకెంతో ప్రియమైన ఆ వాసనే గ్లాసులో ఉంటే మనం తాగలేము.

మన ముక్కు దీన్ని ఎంత కొంచెమున్నా పసిగట్టగలదు. లీటరు నీటిలో సుమారు 10 నానోగ్రాములున్నా చాలామందికి తెలిసిపోతుంది. అంటే 10 కోట్ల లీటర్ల నీటిలో ఒకే ఒక గ్రాము. 5,000 లీటర్లు పట్టే ట్యాంకర్లు 20,000 నింపి, వాటన్నిటిలో కలిపి ఒక్క గ్రాము వేసినట్టు. జపాన్ ప్రభుత్వం 2004 నుండి అమలైన తాగునీటి ప్రమాణాలలో ఈ రెంటికీ లీటరుకు 10 నానోగ్రాముల చొప్పున హద్దు పెట్టింది. అక్కడ క్యోటో నగరానికి నీరిచ్చే బీవా సరస్సులో 1969లోనే ఈ వాసన మొదలై ప్రజలను వేధించింది.

చెరువు చేపలో వచ్చే మట్టి వాసన కూడా ఇదే. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది. నిమ్మరసంలో నానబెట్టి, చింతపండు పులుసులో వండితే చేపకు ఆ వాసన తగ్గడానికి అదొక కారణం. అయితే తాగే నీళ్లలో పులుపు పోసుకోలేము గదా!

ఇసుకలో వడగట్టినంత మాత్రాన ఇది పూర్తిగా పోదు. పటిక వేస్తే మడ్డి దిగుతుంది గాని ఈ వాసన దిగదు. చిల్లగింజ అరగదీసి వేసినా అంతే. మామూలు మోతాదు క్లోరిన్‌కు ఇది లొంగదు. పైగా నాచును చంపే మందు చెరువులో చల్లితే, నాచు కణాలు పగిలి లోపల దాగిన వాసన ఒక్కసారిగా నీటిలోకి వస్తుంది. ఇక కాచిన నీళ్ల సంగతి. వేడినీటినుండి వాసన ఎక్కువగా పైకి లేస్తుంది గనుక మన ముక్కుకు అది ఎక్కువైనట్టు తోస్తుంది. ఆ కోడలు చెప్పింది నిజమే.

ఒక ముఖ్యమైన సంగతి. ఈ రెండు పదార్థాలు నీటిలో ఉండే ఆ స్వల్ప మోతాదులో మనిషికి హాని చేస్తాయని రుజువు లేదు. అవి వాసన మాత్రమే.

ఎండతో పనిచేసే తెల్లపొడి

ఇప్పుడు కరపత్రంలోని మాటకు వద్దాం. కాంతితో వాసనను తీయడం అబద్ధమా? కాదు. అది నిజమైన శాస్త్రమే.

టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి ఒకటుంది. గోడలకు వేసే తెల్లరంగులో, ముఖానికి రాసుకొనే క్రీములలో అది ఉంటుంది. దాని ముడిసరుకు ఇల్మనైటు మన శ్రీకాకుళం జిల్లా భావనపాడు దగ్గర, విశాఖ దగ్గర భీమునిపట్నం తీరంలో నల్ల ఇసుకగా దొరుకుతుంది. 1967లో టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఫుజిషిమా అనే పరిశోధక విద్యార్థి ఈ పదార్థపు స్ఫటికాన్ని నీటిలో ఉంచి దానిమీద కాంతి వేస్తే, బుడగలు లేవడం గమనించాడు. కాంతి బలంతో నీరే విడిపోతోంది! ఆయన, ఆయన ఆచార్యుడు కెనిచి హోండా 1972లో ఆ సంగతిని నేచర్ పత్రికలో ప్రకటించారు. అక్కడినుండి ఈ విద్య పెరిగింది.

అది ఎలా పనిచేస్తుంది? చాకిరేవులో బండను తలంచుకోండి. బట్టలను దానిమీద బాదితే మురికి పోతుంది, బండ మాత్రం ఎప్పటివలెనే ఉంటుంది. పని జరిపించి, తాను ఖర్చు కాకుండా మిగిలే ఇలాంటి పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. మన తెల్లపొడి అలాంటి బండ. దానిమీద బట్టను బాదే చెయ్యి కాంతి. సూర్యకాంతిలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఈ పొడిమీద పడినప్పుడు, దానిలోని ఎలక్ట్రాన్లు ఎగిరి ఖాళీ చోట్లు ఏర్పడతాయి. ఆ ఖాళీలు పక్కనున్న నీటినుండి హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా చురుకైన కణాన్ని పుట్టిస్తాయి. దాని ఆయుష్షు రెప్పపాటులో వెయ్యో వంతు కూడా లేదు. అయినా ఆ లోపలే దగ్గరలో ఉన్న జియోస్మిన్ వంటి కర్బన పదార్థాన్ని పట్టుకొని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు ఇంకా విరిగి, చివరికి బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారిపోతాయి.

స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో రాబర్ట్ గోర్డన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2003లో ప్రకటించిన ప్రయోగంలో ఈ పద్ధతి జియోస్మిన్‌ను, ఎం.ఐ.బి.ని ఒక గంటలోపల నాశనం చేసింది. క్లోరిన్‌కు లొంగని వాసన ఎండవంటి కాంతికి లొంగిందన్నమాట. నాచు చేసే కొన్ని విషాలను కూడా ఈ పద్ధతి విరగ్గొట్టగలదని తేలింది.

మరి మన ఊరికి ఎందుకు రాలేదు?

ప్రయోగశాలలో గెలిచినదంతా పొలానికి రాదని మన రైతులకు తెలుసు. దీనికీ కొన్ని చిక్కులున్నాయి.

మొదటిది, ఈ పొడికి కావలసిన అతినీలలోహిత కిరణాలు మన ఎండలో నూటికి నాలుగైదు వంతులే. మిగిలిన వెలుగంతా దానికి పనికిరాదు. మామూలు వెలుగులో కూడా పనిచేసేలా దీన్ని మార్చాలని శాస్త్రజ్ఞులు ప్రయత్నిస్తున్నారు. 2001లో జపాన్ పరిశోధకులు దీనికి నత్రజని చేర్చి ఆ దారిలో ఒక అడుగు వేశారు.

రెండవది, నీటిలో కలిపిన ఆ సన్నని పొడిని మళ్లీ పూర్తిగా వడగట్టి తీయడం కష్టం. గాజు మీదనో పింగాణీ మీదనో పూతగా పూస్తే వడగట్టే బాధ తప్పుతుంది గాని, నీరు దానికి తగిలే చోటు తగ్గి పని నెమ్మదిస్తుంది.

మూడవది, చెరువు నీటిలో కుళ్లిన ఆకులు, మడ్డి ఎన్నో ఉంటాయి. ఆ చురుకు కణాలు వాసనను వెదికి పట్టుకోవు, ఎదురుపడినదానినల్లా పట్టుకుంటాయి. లీటరుకు నానోగ్రాముల్లో ఉన్న వాసన దగ్గరకు చేరకముందే వాటి బలం తక్కినవాటి మీద ఖర్చయిపోతుంది. నీరు మురికిగా ఉంటే కాంతి లోపలికే పోదు.

గనుక ఇది అబద్ధం కాదు, అలాగని ఊరూరా నిలబెట్టగల సిద్ధాన్నం కూడా కాదు. ఇప్పటికి నీటి వాసనకు ఎక్కువగా వాడే మందు యాక్టివేటెడ్ కార్బన్, అంటే ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు. దాని ఒంటినిండా కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాసన పదార్థం వాటిలో చిక్కుకుంటుంది. 2020 జనవరిలో బ్రెజిల్ దేశపు రియో డి జనైరోలో కుళాయి నీళ్లు మట్టి వాసన కొట్టినప్పుడు ప్రజలు భయపడి సీసా నీళ్లకోసం దుకాణాల మీద పడ్డారు. సుమారు 90 లక్షలమందికి నీరిచ్చే గ్వాండు శుద్ధికేంద్రంలో అప్పుడు కలిపింది ఈ బొగ్గుపొడినే. అక్కడ వాసనకు మూలం ఎక్కడుందంటే, నీరు తీసుకొనే చోట నదిలో కలుస్తున్న ఊళ్ల మురుగులో. ఆ మురుగు తిని నాచు బలిసింది.

ముక్కుకు తెలియని శత్రువు

ఇప్పుడు అసలు ప్రశ్న. కరపత్రంలో ఫ్లోరైడు కూడా పోతుందని ఉన్నది. ఇది మాత్రం నమ్మరాదు.

కాంతి, తెల్లపొడి కలిసి చేసేది విరగ్గొట్టడం. జియోస్మిన్ అనేక అణువుల కూర్పు గనుక విరుగుతుంది. ఫ్లోరైడు ఒకే మూలకపు అయాను. దాన్ని ఎంత కాంతి వేసినా ఇంకా చిన్నగా విరగ్గొట్టి మాయం చేయలేము. ఆర్సెనిక్, సీసం వంటివీ అంతే. వాటిని నీటినుండి వేరు చేసి తీసివేయవలసిందే. నీలిదీపం మాత్రమే ఉన్న మిషన్లు క్రిములను చంపగలవు. అది మంచి పనే. కాని ఉప్పును గాని, ఫ్లోరైడును గాని అవి ముట్టుకోలేవు. ఫ్లోరైడు తీయడానికి ఆర్.ఓ. పద్ధతి, యాక్టివేటెడ్ అల్యూమినా ఉన్నాయి. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు.

ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. మన నీళ్లలో ఉండే మోతాదులో దాని రుచి నాలుకకు తెలియదు. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చును. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట పళ్లు మచ్చలు పడతాయి, తరువాత ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. వచ్చిన తరువాత పోగొట్టే మందు లేదు. పళ్ల మచ్చలు పడేది శాశ్వత దంతాలు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపల. ఆ ఇంటి బిడ్డ వయసు రెండేళ్లు! మన దేశంలో ఈ జబ్బును గురించి వైద్యులు మొదట వ్రాసింది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని నాటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసి. మా ప్రాంతానికి అది దూరం కాదు.

ఆలోచించండి. హాని చేయని వాసనకు భయపడి కుళాయిని వదిలి, వాసన లేని హానిని ఇంటికి మోసుకొస్తున్నాము. ముక్కు దేవుడు పెట్టిన మంచి కాపలాదారు. కాని అది న్యాయాధిపతి కాదు.

ఇంట్లో మనం చేయగలిగినవి

మట్టి వాసన మాత్రమే ఉన్న కుళాయి నీళ్లయితే, కార్బన్ ఉన్న ఫిల్టరు పెట్టుకోండి. దానిలోని బొగ్గు రంధ్రాలు నిండితే పనిచేయదు గనుక చెప్పిన గడువుకు మార్చండి. నీళ్లు బాగా చల్లబరచి తాగితే వాసన తక్కువ తెలుస్తుంది. పొయ్యిలోని బొగ్గు ఇంత పని చేయలేదు. ఇసుక, బొగ్గు వేసిన మూడు కుండల పద్ధతి వాడేవారు ఆ నీళ్లను తప్పక కాచి తాగండి.

కొంచెం క్లోరిన్ వాసన వస్తే విసుక్కోవద్దు. క్రిములకు కాపలా ఉన్నదని అది చెబుతున్నది. వెడల్పు పాత్రలో పోసి, బట్ట కప్పి కొంతసేపు ఉంచితే తగ్గుతుంది.

కోడిగుడ్డు కుళ్లిన వాసన కొన్ని బోర్లలో వస్తుంది. అది గంధకపు వాయువు. ఒక పాత్రలోనుంచి మరొక పాత్రలోకి ఎత్తిపోసి గాలి తగలనిస్తే తగ్గుతుంది. అయితే కుళాయిలోనే ఒక్కసారిగా మురుగు వాసన వస్తే గొట్టం పగిలి కాలువ నీరు కలిసిందేమో. ఆ నీళ్లు తాగక పంచాయతీకి వెంటనే చెప్పండి.

కిరసనాయిలు వాసన గాని, పురుగుమందు వాసన గాని వస్తే కాచి కూడా తాగవద్దు, పశువులకూ పెట్టవద్దు.

చెరువు మీద ఆకుపచ్చ రంగు పోసినట్టు నాచు తెట్టు కట్టితే జాగ్రత్త. కొన్ని రకాల నాచు విషం కూడా చేస్తుంది. ఆ విషం కాచినా పోదు. తెట్టు ఉన్న చోట నీళ్లు ముంచుకోవద్దు, గొడ్లను దింపవద్దు.

ఇక ఎండను మనం నేరుగా వాడుకోగల మార్గం ఒకటున్నది. తేట నీళ్లను రంగులేని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పోసి ఆరు గంటలు మంచి ఎండలో పడుకోబెడితే క్రిములు చస్తాయి. మబ్బుగా ఉంటే వరుసగా రెండు రోజులు ఉంచాలి. బీరూట్‌లో ఆఫ్తిమ్ ఆక్రా అనే ఆచార్యుడు 1980లలో దీన్ని వెలుగులోకి తెచ్చాడు. దీనితో వాసన పోదు, ఫ్లోరైడు పోదు. విరేచనాలు తెచ్చే క్రిములు మాత్రం పోతాయి. వరదల సమయంలో గుర్తుంచుకోదగిన సంగతి.

అన్నిటికంటె ముందు పరీక్ష. గ్రామీణ నీటి సరఫరా విభాగంవారి ప్రయోగశాలలున్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో గ్రామానికి అయిదుగురు స్త్రీలకు చిన్న కిట్లతో నీళ్లు పరీక్షించడం నేర్పించాలని ఏర్పాటు చేశారు. మీ ఊళ్లో వారెవరో కనుక్కోండి. క్యాన్లలో నీళ్లు కొనేవారు కూడా పరీక్ష కాగితం అడగండి. అడగడం మన హక్కు.

పది రోజుల తరువాత

మా ఊళ్లో ఆ కిట్టు వాడడం నేర్చుకొన్న ఒక చెల్లెమ్మను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లాను. రెండు గాజు గొట్టాలలో రెండు నీళ్లు పోసింది. మందు చుక్కలు వేసి, రంగుల పట్టీతో పోల్చింది. వాసన కొట్టే కుళాయి నీళ్లు హద్దు లోపల ఉన్నాయి. తేటగా, చల్లగా ఉన్న బోరింగు నీళ్లు హద్దు దాటాయి.

కోడలు చాలాసేపు మాట్లాడలేదు. అంతవరకు మౌనంగా ఉన్న అత్తగారు అప్పుడు నోరు తెరిచింది. "వాసన రాని నీళ్లే నన్నిట్టా చేసినయ్ అయ్యగారా. నా మాట ఎవరింటారులే అని ఊరుకున్నా" అన్నది. కోడలు లేచి వెళ్లి బిడ్డ పాలసీసాలోని నీళ్లు పారబోసింది.

గేదెను అమ్మలేదు. కుళాయికి కార్బన్ ఫిల్టరు ఒకటి బిగించుకొన్నారు. ఊళ్లోని పెద్దలు కొందరు కలిసి పంచాయతీకి అర్జీ పెట్టారు. మంచినీళ్ల చెరువులో గొడ్లను కడగకుండా, ఎరువుల నీళ్లు కలవకుండా చుట్టూ కంచె వేయమని అడిగారు. నాచుకు తిండి పెట్టేది మనమే అయినప్పుడు వాసన ఎవరిదని ఎవరిని అడుగుతాము?

కాంతితో నీటిని శుద్ధిచేసే విద్య ఇంకా పెరగాలి. ఏదో ఒక రోజు మన ఊరి ట్యాంకు దగ్గరకు కూడా వస్తే సంతోషించేవాళ్లలో నేను మొదటివాడిని. అది వచ్చిన రోజున కూడా అది ఏది తీయగలదు, ఏది తీయలేదు అని అడిగి తెలుసుకోండి. ఈలోపల మీ ఇంట్లో ఇప్పుడు తాగుతున్న నీళ్లు ఎక్కడివో, ఎప్పుడు పరీక్ష చేయించారో ఈ వారంలోనే కనుక్కొనండి. ముఖ్యంగా ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు బిడ్డలున్నవారు ఆలస్యం చేయవద్దు.